ఇరవై తియ్యి

మా ఆఫీసులో నెట్‌వర్కు మార్పులు ఎలా చెయ్యాలో చెప్పే నియమాల పత్రం ఒకటుంది. పదకొండు పేజీలు, జర్మన్‌లో. ఏడాదికోసారి అందరం దాన్ని ముందేసుకుని కూర్చుని, కాలం చెల్లినవి కొట్టేసి కొత్తవి చేరుస్తాం. కిందటి నెల ఆ పనిలో ఉండగా, ఈ మధ్యే చేరిన ఒక జర్మన్ అమ్మాయి ఆరో పేజీ దగ్గర ఆగింది. "మార్పులు చేసేటప్పుడు ఫోనులో గానీ రాతలో గానీ తియ్యి అనే మాట వాడరాదు" అని ఉందక్కడ. తియ్యి అన్నది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఇదేమిటి, ఏదైనా సాఫ్ట్‌వేరు పేరా, ఎవరూ వాడకపోతే కొట్టేద్దామా అని అడిగింది. అది తెలుగు మాట అన్నాను. గదిలో ఉన్న ఆరుగురూ నా వైపు చూశారు. మామూలుగా అయితే ఆ కథ నవ్విస్తూ చెబుతాను, చాలాసార్లు చెప్పాను కూడా. ఆ రోజు చెప్పలేకపోయాను. ఆ వాక్యం మా పత్రంలోకి రావడానికి కారణమైన మనిషి పోయి అప్పటికి మూడు వారాలే అయింది.

ఆవిణ్ణి మేమంతా ఆపా అనేవాళ్ళం. ఉర్దూలో అక్క అని. నాకంటే ముందు పనిచేసిన హైదరాబాదు వాళ్ళెవరో అలా పిలవడం విని, జర్మన్లు అదే ఆవిడ అసలు పేరనుకున్నారు. ఒక క్రిస్మస్‌కి కంపెనీ వాళ్ళు ఫ్రావ్ ఆపా, అంటే ఆపా గారు, అని అచ్చేసి మరీ కార్డు పంపారు. సరిచెయ్యమని చెబుదామంటే ఒప్పుకోలేదు.

"ఉండనియ్యి తమ్మీ. నా పేరు పలకరాక పరేషాన్ అయితరు పాపం. అక్క అనుడు మంచిగనే ఉన్నది గద."

అలా ఆ ఫ్యాక్టరీలో అందరికీ, వాళ్ళకే తెలియకుండా, అక్క అయిపోయింది.

మాది జిండెల్ఫింగెన్ శివార్లలో కార్లకు సీట్లు తయారుచేసి పంపే కంపెనీ. కుట్టు మిషన్లు, స్కానర్లు, లేబుళ్ళు అచ్చేసే ప్రింటర్లు, ఆఫీసు కంప్యూటర్లు, అన్నీ స్విచ్‌లనే నెట్‌వర్కు పెట్టెల గుండానే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎవరు ఎవరితో మాట్లాడొచ్చో, ఎవరు మాట్లాడకూడదో చెప్పే జాబితా ఒకటి ఒక్కో స్విచ్‌లో ఉంటుంది. ఆక్సెస్ లిస్ట్ అంటారు దాన్ని. ఆ జాబితాలు రాయడం, దిద్దడం ఆపా పని. నేను కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ ముగించి ఆవిడ కింద చేరాను. మార్కులు బాగానే వచ్చాయి. వాటితోపాటు రావాల్సిన పొగరు కూడా వచ్చింది.

మొదటి రోజు ఆవిడ నాకు ఆక్సెస్ లిస్ట్ గురించి చెప్పిన తీరు ఏ క్లాసులోనూ వినలేదు.

"షాదీఖానా దర్వాజ కాడ ఒక ముసలి చాచా కూసుంటడు. చేతిల పేర్ల చిట్టీ ఉంటది. వచ్చినోని పేరు పైనుంచి చూస్కుంట పోతడు. దొరికిందా, ఆడనే ఆగుతడు. రానీ అని ఉంటే రానిస్తడు, ఒద్దు అని ఉంటే వాపస్ పంపుతడు. కింద ఇంకేమున్నదో సదవడు. చాచాకు గంత ఓపిక లేదు. స్విచ్చు గంతే."

"చిట్టీలో పేరే లేకపోతే?" అన్నాను.

"లేకుంటే దావత్ లేదు."

జాబితాని ఆవిడ ఎప్పుడూ పైకి చదివేది. తెర మీద వేలు పెట్టి, ఒక్కో లైనూ దాటుకుంటూ, పర్మిట్ అని ఉన్నచోట రానీ అని, డినై అని ఉన్నచోట ఒద్దు అని. "కుట్టు మిషన్లు, రానీ. ప్రింటర్లు, రానీ. కెమెరాలు, ఒద్దు. మిగిలినోళ్ళందరు, ఒద్దు." పక్క సీట్లో జర్మన్ సహోద్యోగికి తెలుగులో ఆ రెండు మాటలే వచ్చు. మా క్యాంటీన్‌లో పళ్ళెంలోకి ఇంకో గరిటె వెయ్యబోతే ఒద్దు అంటాడు ఇప్పటికీ.

ఆ ఆఖరి లైను నిజానికి రాయనక్కర్లేదు. రాయకపోయినా స్విచ్ మిగిలినవాళ్ళనందరినీ ఆపేస్తుంది. ఆ సంగతి నేను మహా తెలివిగా ఆవిడకు చెప్పబోయాను.

"నాకెర్కే" అంది. "రాయకుంటె మల్ల వచ్చేటోనికి ఎట్ల తెలుస్తది? ఒద్దన్నప్పుడు ఒద్దు అని రాయాలె. ఊకె మొకం తిప్పుకుంటె మంచిగుంటదా?"

జాబితాలో లైన్లకు పది, ఇరవై, ముప్ఫై అని నెంబర్లు వేసేది, మధ్యలో ఎవరికైనా చోటు కావాల్సి వస్తుందని. ప్రతి లైనుకూ పైన ఒక చిన్న రిమార్కు రాసేది. దాన్ని స్విచ్ పట్టించుకోదు, మనుషుల కోసమే. మేనేజర్లు చూసే స్విచ్‌లలో జర్మన్‌లో, మిగతా వాటిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో.

ఎండాకాలం కూడా బూడిదరంగు కోటు వేసుకునేది, సర్వర్ గది చల్లగా ఉంటుందని. ఆ గది తాళంచెవి కోటు చేతికి పిన్నీసుతో గుచ్చి ఉండేది. కమాండ్ టైపు చేశాక తలమీది స్కార్ఫు ఒకసారి సర్దుకుని, బిస్మిల్లా అనుకుని, అప్పుడు ఎంటర్ కొట్టేది. ఆ అలవాటు నాకూ వచ్చేసింది. కిందటేడు వచ్చినప్పుడు మా అమ్మ విని, ఎవరిని పిలుస్తున్నావురా అని అడిగింది.

ఒక లైను తీసెయ్యాలంటే ఆవిడకు ప్రాణం మీదికి వచ్చేది. ప్రతి లైను పక్కనా ఒక అంకె ఉంటుంది. ఆ లైను మీదుగా రాకపోకలు జరిగినకొద్దీ అది పెరుగుతుంది. పాత లైను కనిపిస్తే ఆపా రెండు వారాలపాటు రోజూ పొద్దున్నే ఆ అంకెను చూసేది. కదలకపోతే కొట్టేసేది. కదిలితే మాత్రం, "ఎవడో నడుస్తుండు తమ్మీ గీ తొవ్వల" అని కోటు వేసుకుని వెతకడానికి బయలుదేరేది. ఆ నడిచేది ఎవరో కంప్యూటర్లోనే కనుక్కోవచ్చు. ఆవిడ మాత్రం స్వయంగా వెళ్ళి చూడాల్సిందే.

అలా ఒకసారి మూడు హాళ్ళు తిరిగి క్యాంటీన్ వంటగదిలో తేలాం. అక్కడ క్రొయేషియా నుంచి వచ్చిన వంటాయన ఒకాయన, జిడ్డుపట్టిన ముసలి కంప్యూటరు మీద ఆ రోజు సూపు పేరు ఒక్క వేలితో టైపు చేస్తున్నాడు. ఆ కాగితం ఆఫీసు ప్రింటరు మీద అచ్చయి వచ్చేది. అలాంటి పాత కంప్యూటరుకు దారి ఉండకూడదు, నియమం. ఆపా ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఇంకా ఎన్నాళ్ళు పనిచేస్తారని అడిగింది. ఏడు వారాల్లో రిటైరవుతానన్నాడు. సూపు ఏమిటని అడిగింది. కాయధాన్యాల సూపన్నాడు. వెనక్కి వచ్చి ఆ లైను పైన కొత్త రిమార్కు రాసింది: "వంటాయన ఉన్నన్ని దినాలు." ఏడు వారాలూ దాని మీద ఒక కన్ను వేసి ఉంచింది. ఆయన ఆఖరి రోజున వెళ్ళి కేకు తిని, మూతి తుడుచుకుంటూ వచ్చి లైను కొట్టేసింది.

ఇంత నిదానమైన మనిషికి నా వల్ల ఏం జరిగిందో ఇప్పుడు చెప్పాలి.

కొత్తగా చేరినవాళ్ళకు ఇక్కడ ఆరు నెలలు ప్రోబెట్సైట్. ఆ గడువులో కారణం చెప్పకుండానే పంపించెయ్యొచ్చు. నా వీసా ఆ ఉద్యోగానికి ముడిపడి ఉంది. పెళ్ళయి ఎనిమిది నెలలైన నా భార్య వీసా నా వీసాకు ముడిపడి ఉంది. తను విజయవాడలో పెట్టె సర్దుకుని కూర్చుంది. ప్రతి సోమవారం ఆపా నన్ను అడిగే మొదటి మాట, "ఇంటామెకు టెర్మిన్ దొరికిందా?" అనే. ఆ టెర్మిన్, అంటే వీసా కోసం అపాయింట్‌మెంటు, దొరికింది. నా ప్రోబెట్సైట్ ఇంకో పన్నెండు రోజుల్లో ముగుస్తుంది. ఆ పన్నెండు రోజులూ నా వల్ల ఏ పొరపాటూ జరక్కుండా ఉంటే చాలు.

ఆ మంగళవారం ఆపాకు కూడా టెర్మిన్ ఉంది, మోకాలి డాక్టరు దగ్గర. మూడు నెలలు ఎదురుచూస్తే దొరికింది. పొద్దున తొమ్మిదింటికి అక్కణ్ణుంచి ఫోను చేసింది. డాక్టర్ల వెయిటింగ్ రూములో ఫోను మాట్లాడితే ఇక్కడ పక్కవాళ్ళు కళ్ళతోనే కాల్చేస్తారు. అందుకని గొంతు బాగా తగ్గించి మాట్లాడింది.

"తమ్మీ, ఇర్వై తియ్యి. జల్దీ. నన్ను పిలుస్తున్నరు."

అంతే, పెట్టేసింది.

తెలుగు చదివేవాళ్ళకు ఇక్కడే సంగతి అర్థమై ఉంటుంది. తలుపు తియ్యి అంటే తెరవమని. గోడకున్న మేకు తియ్యి అంటే పీకెయ్యమని. మా ఫ్యాక్టరీలో ఇరవయ్యో నెంబరు హాలు ఉంది. అందులో ఆ రోజు కొత్త స్కానర్లు బిగించారు, వాటికి దారి తెరవాలి. ఆ మెయిలు ఆపాకు ఒక్కదానికే వచ్చింది. నాకు తెలియదు. నాకు తెలిసిన ఇరవై, జాబితాలో ఇరవయ్యో లైను. పాత లేబుల్ ప్రింటర్ల దారి అది. అంతకుముందు వారమే, "ప్రింటర్లు మారంగనె గా ఇర్వయ్యో లైను తీసెయ్యాలె" అంది ఆపా. మార్చినట్టున్నారు అనుకున్నాను.

జాబితా తెరిచాను. ఇరవయ్యో లైను పక్కన అంకె చూశాను. ఒక నిమిషం ఆగి మళ్ళీ చూశాను. పెరిగింది. ఎవరో నడుస్తున్నారు. ఆవిడ నాకు నేర్పిన విద్యంతా ఆ ఒక్క అంకెలో ఉంది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. ఆవిడ డాక్టరు ముందుంటుంది, ఇబ్బంది పెట్టకూడదు అని నాకు నేనే చెప్పుకున్నాను. అది సాకు. రెండు మాటలు చెబితే అర్థం చేసుకోలేని వాడినని అనిపించుకోవడం నాకు ఇష్టం లేదు. ఫోను బల్ల మీద పెట్టేసి ఇరవయ్యో లైను తీసేశాను.

పది నిమిషాల్లో డిస్పాచ్ నుంచి ఫోను. లేబుళ్ళు రావడం లేదు. లేబుల్ లేని సీటు లారీ ఎక్కదు. లారీ కదలకపోతే అవతల కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను ఆగిపోతుంది. తీసిన లైను వెంటనే తిరిగి పెట్టాను. కంగారులో నెంబరు వెయ్యడం మరిచిపోయాను. నెంబరు వెయ్యకపోతే అది వెళ్ళి జాబితా అడుగున కూర్చుంటుంది, మిగిలినోళ్ళందరు ఒద్దు అన్న లైనుకు కింద. పైన ఒద్దు అని దొరికాక చాచా కిందకు చదవడు. ఇంత చిన్న విషయం ఆ అరగంటా నాకు తట్టలేదు. జాబితాలో ప్రింటర్లు, రానీ అని కళ్ళకు కనిపిస్తూనే ఉంది, ఒక్క లేబులూ రావడం లేదు. ప్రింటర్లను ఆపి మళ్ళీ వేయించాను. కేబుళ్ళు మార్పించాను. చివరికి ఆపాకు ఫోను చేశాను.

ఎక్స్‌రేకు రమ్మని పేరు పిలుస్తున్నప్పుడు లేచి, టాక్సీ ఎక్కి వచ్చేసింది. ఒక కాలి ప్యాంటు ఇంకా మోకాలి పైకి మడిచే ఉంది. వస్తూనే తెర మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఇరవై ఉండాల్సిన చోట ఒక్క క్షణం ఆగింది. "మిగిలినోళ్ళందరు, ఒద్దు" దగ్గరకొచ్చింది. దాని కింద, "ప్రింటర్లు, రానీ."

"దర్వాజ మూసినంక దావత్ ఇస్తే ఎట్ల తమ్మీ" అంది.

లైను తీసుకెళ్ళి ఇరవైలో కూర్చోబెట్టింది. స్కార్ఫు సర్దుకుంది. బిస్మిల్లా. కింద హాల్లో ప్రింటర్లు ఒక్కసారిగా మొదలయ్యాయని డిస్పాచ్ వాళ్ళు ఫోనులో వినిపించారు. అప్పుడు మోకాలు పట్టుకుని అక్కడే నేల మీద కూర్చుంది.

"నేను ఏమన్న నీతోని?"

"ఇరవై తియ్యి అన్నారు."

"హాలు రా. హాలు ఇర్వై. దర్వాజ తియ్యి అంటరు చూడు, గట్ల అన్న. నువ్వు మేకు పీకినట్టు పీకినవ్."

మర్నాడు పదింటికి మీటింగు. మా డిపార్టుమెంటు బాసు, ప్లాంటు పెద్ద, ఇంకో ఇద్దరు. నేను రాత్రంతా నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు. మా బాసు నా ముఖం చూడకుండానే మొదలుపెట్టాడు. వాడుకలో ఉన్న లైనును పట్టపగలు ఎలా తీసేస్తారు, అసలు ఆ అంకెను ఎవరైనా చూశారా అని. మేం స్విచ్‌లో కొట్టే ప్రతి కమాండూ టైముతో సహా ఒక లాగ్‌లో రికార్డవుతుంది. అది చూశారా అని ఆపాను అడిగాడు.

చూశానంది. నేను చెప్పిందే అతను కొట్టాడంది. తరవాత మోకాలు ఈడ్చుకుంటూ బోర్డు దగ్గరకు వెళ్ళి, ఇంత పెద్ద అక్షరాలతో తియ్యి అని తెలుగులో రాసింది. ఆవిడ జర్మన్‌లో వ్యాకరణం తక్కువ, ధైర్యం ఎక్కువ. మా భాషలో తలుపుతో ఈ మాట అంటే తెరవడం, మేకుతో అంటే పీకెయ్యడం, నేను తలుపు అనుకుని అన్నాను, అతను మేకు అనుకుని విన్నాడు, తలుపో మేకో చెప్పాల్సింది నేను, చెప్పలేదు, నా పేరు రాసుకోండి అంది.

ప్లాంటు పెద్ద ఇంజనీరు మనిషి. ఆ అక్షరాలను తన నోటుపుస్తకంలోకి బొమ్మ గీసినట్టు దింపుకున్నాడు. మరి మీ దేశంలో ఇళ్ళల్లో ఏ అర్థమో ఎలా తెలుస్తుంది అని చాలా గంభీరంగా అడిగాడు.

"తలుపు ఎదురుగా ఉంటుంది కదా" అంది ఆపా. "నేను వెయిటింగ్ రూములో ఉన్నాను. అదీ తప్పు."

ఆ నాలుగు గోడల మధ్య జర్మన్లు మాటకు రెండర్థాలుండటాన్ని ఒక యంత్రలోపంగా గుర్తించి, చర్చించి, పరిష్కారం రాసుకున్నారు. ఆరో పేజీలో వాక్యం అలా వచ్చింది. నా ప్రోబెట్సైట్ గురించి ఎవరూ ఎత్తలేదు. వరండాలోకి వచ్చాక కృతజ్ఞత చెబుదామని నోరు తెరిచాను. ఆపా చెయ్యి ఊపేసింది.

"అయిందేదో అయింది తియ్యి" అంది. అనేసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. దానికి మూడో అర్థం కూడా ఉందని బోర్డు మీద చెప్పలేదని ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం.

వారం తర్వాత ఆవిడకు ఆబ్‌మానుంగ్ వచ్చింది, ఫైల్లో ఉండిపోయే హెచ్చరిక ఉత్తరం. అన్నేళ్ళ సర్వీసులో అదే మొదటిది. నా దగ్గరకు తెచ్చి చూపించింది.

"చూడు తమ్మీ, పద్నాలుగేండ్లకు నా పేరు కరెక్టుగ రాసిండ్రు."

నా భార్య వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగిన రెండో రోజే ఆపా మా ఇంటికి ఖట్టీ దాల్, వంకాయ కూర పట్టుకొచ్చింది. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మోకాలికి మళ్ళీ టెర్మిన్ నాలుగు నెలల తర్వాత గానీ దొరకలేదు. ఆ నాలుగు నెలలూ ఆవిడ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే నేను వెనక సంచీ పట్టుకుని నడిచేవాణ్ణి. అంకె పెరగడం నేను చూశానని, తెలిసే తీసేశానని ఆ మెట్ల మీద చెప్పెయ్యాలని ఎన్నిసార్లు అనుకున్నానో. లాగ్‌లో ఆవిడ ఆఖరి లైను మాత్రమే చూసి ఉంటుందని నా నమ్మకం. తనవల్లే తప్పు జరిగిందని పాపం ఆవిడ నిజంగానే నమ్ముతోందనుకున్నాను. చెబితే నన్నేమనుకుంటుందో అన్న భయం ముందు. చెప్పడం ఆలస్యమైపోయిందన్న సిగ్గు తరవాత. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

రెండేళ్ళ కిందట రిటైరై డ్యూసెల్‌డార్ఫ్‌లో కూతురి దగ్గరకు వెళ్ళింది. కూతురు అక్కడ ఐటీలో పనిచేస్తుంది. వీలు చిక్కిన ఆదివారాలు ఫోను చేసేవాణ్ణి. మనవరాలు ఎత్తి, "ఓమా, టెలెఫోన్" అని అరిచేది. ఈ ఏడాది ఆ అరుపుకూ ఆపా గొంతుకూ మధ్య వ్యవధి పెరుగుతూ వచ్చింది. గుండె బలహీనంగా ఉందని కూతురు చెప్పింది. ఆపా చెప్పలేదు.

ఆఖరిసారి మాట్లాడినప్పుడు మా పాప సంగతులు అడిగింది. జర్మన్ మాట్లాడుతుందా, తెలుగు మాట్లాడుతుందా అంది. రెండూ కలిపేస్తోందన్నాను. నవ్వింది. తరవాత, "తమ్మీ, ఒకటి అడగనా?" అంది.

"అడగండి ఆపా."

"గా దినం నేను ఫోను గట్ల పెట్టెయ్యకుంటె, ఏం తియ్యాలె అని నన్ను అడుగుతుంటివా?"

అడిగేవాణ్ణి అనడం తేలిక. సంతోషపడేది. కానీ ఆవిడే నోరు తెరిచి అడిగాక అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు.

"లేదు ఆపా. అడిగేవాణ్ణి కాదు. ఆ అంకె పెరగడం నేను చూశాను, రెండుసార్లు చూశాను. ఎవరో వాడుతున్నారని తెలిసే తీసేశాను. ఇన్నేళ్ళూ మీకు చెప్పలేదు."

"తెల్సు" అంది.

"ఎలా తెలుసు?"

"లాగుల లేదా? రెండుసార్లు చూసినవ్, నడుమ ఒక నిమిషం. మల్ల మూడు నిమిషాలు ఏం కొట్టలే. గప్పుడు తీసినవ్. మీటింగుకు పోకముందే సదివిన."

"మరి వాళ్ళకు చెప్పలేదేం ఆపా? ఆ ఉత్తరం నాకు రావాల్సింది. మీరెందుకు మీద వేసుకున్నారు?"

ఆయాసం వినిపిస్తోంది.

"నువ్వు కొత్తగ వచ్చిన వారంల ఏదో అడిగినవ్ నన్ను. నేను పనిల ఉన్న. గిది గూడ తెల్వదా, మాస్టర్స్ ఎట్ల పాసైనవ్ అన్న. అందరి ముందట అన్న. నీ మొకం మాడిపోయింది. గా దినం నుంచి ఆర్నెల్లు నువ్వు నన్ను ఒక్క మాట అడగలే. నేను చూస్కుంటనే ఉన్న. అడుగు తమ్మీ అని నోరు తెరిచి అనలే. నువ్వు చేసింది లాగుల ఉన్నది. నేను చేసింది లేదు."

ఆ రోజు నాకు బాగా గుర్తు. తను ఏ కుర్చీలో కూర్చుందో, ఎవరెవరు నవ్వారో, నేను అడిగిన ప్రశ్న ఏమిటో కూడా గుర్తు. ఆ సాయంత్రం ఎస్-బాన్ లోకల్ రైల్లో ఇంటికి వెళ్తూ, ఈ మనిషిని ఇంకెప్పుడూ ఏదీ అడగను అని ఒట్టు పెట్టుకున్నాను.

"అలాంటిదేమీ నాకు గుర్తు లేదు ఆపా" అన్నాను.

"నిజంగనేనా?"

"నిజంగానే. మీరు ఎవరినో అని ఉంటారు."

ఊపిరి వదలడం వినిపించింది. "మంచిగైంది" అంది. "నీకు యాదికి ఉన్నదేమో అనుకుంట ఇన్ని దినాలు."

తిండికి పిలుస్తున్నారని ఫోను పెట్టేసింది. పదహారు రోజుల తర్వాత ఆపా పోయింది.